బుగ్గలొచ్చిన బిడ్డ

మా పాపకి బుగ్గలొచ్చాయని ధర్మవరంలో మా వీధి వీధంతా సంతోషపడింది. నేను తప్ప.

అంతకుముందు ఎన్ని మాటలు పడ్డానో నాకు తెలుసు. నా కూతురు పుట్టుకతోనే సన్నం. చలి మొదలైతే చాలు, దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, ఎగశ్వాస. మాది మగ్గం ఉన్న ఇల్లు. మామ గుంత మగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేస్తాడు. అత్త కండెలు చుడుతుంది. నా భర్త నేసిన చీరలు తీసుకుని అంగళ్ళ చుట్టూ తిరుగుతాడు. పట్టు నూగో, గుంతలో చెమ్మో, ఏది పడదో తెలియదు గాని, పాపకి దగ్గు పట్టుకుంటే ఒక పట్టాన వదిలేది కాదు. బిడ్డ సన్నంగా ఉంటే మా వీధిలో ముందు చూసేది తల్లినే.

"ఏమ్మే, డిగ్రీ చదివినావంట, బిడ్డకి తిండి పెట్టేది నేర్పలేదా మీ కాలేజీలో?" అని ఎదురింటామె వాకిట్లో నిలబడి నలుగురికీ వినబడేటట్లు అడిగేది. ఆమె నవ్వుతూనే అంటుంది, మిగతావాళ్ళూ నవ్వుతారు. నేనూ నవ్వాలి.

వీధి మొదట్లో ఒక క్లినిక్ ఉంది. అక్కడి డాక్టరు పెద్దాయన. మా మామ పెళ్ళికాకముందు నుంచీ అక్కడే ఉన్నాడట. మనిషి మంచివాడు, కసురుకోడు, పేదవాళ్ళని లోకువగా చూడడు. ఇవన్నీ నిజాలే, నేను కాదనను. ఆయన గురించి మాట వచ్చిందంటే ఎవరైనా ముందు చెప్పేది హస్తవాసి. "ఆయన చెయ్యి పడితే చాలబ్బా, రెండు దినాల్లో లేసి కూర్చుంటారు." పక్క ఊళ్ళ నుంచి, బత్తలపల్లి అవతలి నుంచి కూడా ఆ చేతి కోసమే వచ్చేవాళ్ళు.

ఆ క్లినిక్‌లో నేను చాలా పొద్దులు కూర్చున్నాను. బెంచీల దగ్గర కాంపౌండర్ తిరుగుతూ అడుగుతాడు: "దగ్గా, జొరమా, నొప్పులా?" నాలుగో జవాబుకి అక్కడ చోటు లేదు. లోపలికి పోయేసరికి డాక్టరు చెయ్యి అప్పటికే రాస్తూ ఉంటుంది. స్టెతస్కోపు బిడ్డ గౌను మీద నుంచే పెట్టి, "ఏం కాదు పాపా, రెండు దినాల్లో ఎగిరి దుముకుతాది చూడు" అని నాతో అంటాడు. నా వయసువాళ్ళంతా ఆయనకి పాపలే. పెద్దవాళ్ళయితే వాళ్ళే గుర్తుచేస్తారు: "సూది ఏయవా సారూ? సూది ఏయకుంటే ఎట్ల తగ్గుతాది?" ఆయన నవ్వి వేస్తాడు. పక్కనే మందుల అంగడి. అక్కడ పెద్దవాళ్ళకి కత్తిరించిన మాత్రలు కాగితం పొట్లంలో కట్టి ఇస్తారు. పిల్లలకి సీసా.

ఆ సీసా మా పాపకి మొదటిసారి ఇచ్చినప్పుడు నిజంగానే దగ్గు రెండు రోజుల్లో పోయింది. రాత్రంతా కూర్చోబెట్టుకుని వీపు రాసే బిడ్డ హాయిగా నిద్రపోతుంటే నేనూ ఆ చేతికి దండం పెట్టుకున్నాను. దగ్గు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే సీసా. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే.

ఆ తరువాత డాక్టరు దగ్గరికి పోవాల్సిన పని కూడా లేకుండా పోయింది. "ఆయన రాసేది ఎట్లా అదే కదా, బిడ్డనెత్తుకుని ఆ గుంపులో ఏంటికి నిలబడేది?" అని అత్త నేరుగా అంగడికి పోయి, "పిల్లోళ్ళ దగ్గు సీసా ఇయ్యప్పా" అనేది. అతను చీటీ అడక్కుండా ఇచ్చేవాడు. మా ఇంట్లో అయిపోతే ఎదురింటి నుంచి వచ్చేది, వాళ్ళింట్లో అయిపోతే మా ఇంటి నుంచి పోయేది. మజ్జిగ తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చినట్లు ఆ మందు కోసం వచ్చేవాళ్ళు. కొలత మూత ఎక్కడో పడిపోయింది. అత్త తన కొడుకుకి పాలు పట్టిన వెండి ఉగ్గుగిన్నెలో పోసి తాగించేది. బిడ్డ గట్టిగా దగ్గితే గిన్నె నిండా, కొంచెం దగ్గితే కొంచెం.

అప్పుడే బుగ్గలొచ్చాయి.

మొదట ఆకలి వచ్చింది. ముద్ద ముద్దకీ ఏడిపించే పిల్ల కంచం నాకేసి, మామ కంచం దగ్గర కూర్చునేది. అర్ధరాత్రి లేచి అన్నం అడిగేది. మొహం నిండింది, గుండ్రంగా అయింది, గడ్డం కింద మడత పడింది. పొట్ట ముందుకొచ్చింది. ఎదురింటామె బుగ్గ గిల్లి, "ఇప్పుడు చూడు, బిడ్డంటే ఇట్లుండల్ల!" అంది. అత్త ఆ రోజు మిరపకాయలతో దిష్టి తీసి వాటిని పొయ్యిలో వేసింది.

నాకు సంతోషం ఎందుకు కలగలేదంటే, ఒక పావడా వల్ల. అంతకు ముందు ఏడు ఒక చీర నేయడం అయ్యాక మిగిలిన పడుగు దారాల మీద మామ మనవరాలికని చిన్న గుడ్డ నేశాడు. ఎర్ర పట్టు, పచ్చ అంచు. దాన్ని నేనే పావడాగా కుట్టాను. పిల్ల పెరిగేకొద్దీ విప్పుకోవచ్చని అడుగున లోపలికి పెద్ద మడతలు పెట్టాను. ఏడాది తిరిగాక ఒక పెళ్ళికి తొడుగుదామని తీస్తే నడుం దగ్గర పట్టలేదు, కాజా గుండీ దాకా రావడం లేదు. అత్త మురిసిపోయింది. నేను కిందికి చూశాను. అంచు పోయినేడు ఎక్కడుందో అక్కడే ఉంది. ఒక్క మడత కూడా విప్పక్కర్లేదు. మూడేళ్ళ పిల్ల ఏడాదంతా తిని, ఒక వేలెడు కూడా ఎత్తు పెరగకుండా అడ్డంగా ఎలా పెరుగుతుంది? నుదుటి మీద, చెంపల మీద సన్నటి నూగు వెంట్రుకలు కూడా కనబడ్డాయి. అంతకుముందు అవి లేవు.

సీసా మీది పేరు ఫోన్లో కొట్టి చూశాను. స్టెరాయిడ్ అని ఉంది. నా భర్తకి చూపించాను.

"ఫోన్లో చదివితే ప్రతి మందుకీ మనిషి సచ్చిపోతాడనే రాసుంటాది. జొరం మాత్రకి కూడా చూడు, అదే ఉంటాది" అన్నాడు.

"బిడ్డ పొడుగు పెరగలేదయ్యా."

"నేనేమన్నా పొడుగా? నా బిడ్డే కదా." నవ్వాడు. అత్త లోపలి నుంచి అంది: "తల్లి కన్నే తగులుతాది బిడ్డకి. ఎక్కువ చూడొద్దని చెప్పురా ఆ యమ్మికి."

రొద్దంలో ఉన్న మా అమ్మని చూసి వస్తానని ఇంట్లో చెప్పి, పాపని తీసుకుని రైలెక్కాను. అమ్మకి ముందే ఫోన్ చేశాను. పెనుకొండలో ఆమె ఎక్కింది, హిందూపురం దాకా ముగ్గురమూ కలిసి పోయాం. అక్కడ పిల్లల డాక్టరమ్మ ఉందని, కాలేజీలో నాతో చదివిన ఒకామె చెప్పింది. చాలా నెలల తరువాత మనవరాల్ని చూస్తున్న అమ్మ, సీట్లో కూర్చోకముందే ఆగిపోయింది.

"ఇదేందే, బిడ్డ మొగం మారిపోయిండాది?"

"అందరూ బాగుందంటున్నారు."

"బాగుండాదేమో. మన బిడ్డ మాదిరి లేదు."

హిందూపురం డాక్టరమ్మ స్టెతస్కోపు తరువాత పెట్టింది. ముందు పాప గడ్డం పట్టుకుని మొహం ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. గౌను ఎత్తి పొట్ట చూసింది. గోడకి నిలబెట్టి ఎత్తు చూసింది. అప్పుడు అడిగింది: "దగ్గుకి ఏం తాగిస్తాండారు?"

సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. చదివి, బల్ల మీద పెట్టింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"మధ్యమధ్యలో, మేడం."

"మధ్యమధ్యలో అంటే?"

"దగ్గొచ్చినప్పుడల్లా."

"దగ్గు రాని రోజులెన్ని?"

అమ్మ కల్పించుకుని, "బిడ్డ తిండి బాగా తింటాంది మేడం, అరిగించుకుంటాంది" అంది, ఏదో ఒక మంచి మాట చెప్పాలని.

"ఇది తిండి వల్ల వచ్చిన ఒళ్ళు కాదమ్మా. మందు వల్ల వచ్చింది. బుగ్గలిచ్చింది, ఎత్తు ఆపింది." డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "ఈ మందు చెడ్డదని కాదు. ఎగశ్వాస గట్టిగా వచ్చినప్పుడు నాలుగు రోజులు నేనూ ఇస్తా. ఇట్ల నీళ్ళు తాపినట్లు తాపేది కాదు."

"ఇంటికి పోతూనే పారబోస్తాను" అన్నాను. ఏడుపు వస్తోంది.

"ఆ పని మాత్రం చెయ్యొద్దు!" అప్పుడు గొంతు పెంచింది. ఇన్నాళ్ళు బయటి నుంచి వస్తుంటే బిడ్డ ఒంట్లో సహజంగా ఊరేది ఊరడం మానేసి ఉంటుందని, ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని చెప్పింది. సూది లేని సిరంజితో కొలిచి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రావాలి. వాంతులైనా, ఒళ్ళు వాలిపోయినా ఏ వేళలోనైనా పరిగెత్తుకు రావాలి. పాపకున్నది ఉబ్బసపు తత్వమని, దానికి ఇన్‌హేలర్ రాసింది. పెద్ద ప్లాస్టిక్ గొట్టం, దాని చివర ముక్కూ నోరూ కప్పే మాస్కు. "దీంట్లో ఉండేదీ అలాంటి మందే. కానీ పిసరంత. నేరుగా ఊపిరితిత్తులకి పోతుంది. ఇది వేరే లెక్క."

తిరుగు రైల్లో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. ఆ గుండ్రటి మొహాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాను. ఈ మొహాన్నే కదా అందరూ మెచ్చుకున్నది. దీనికే కదా దిష్టి తీసింది. రెండు రోజుల్లో తగ్గించే చేతికి ఆ బలం ఎక్కడి నుంచి వస్తోందో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. చెప్పాల్సినవాడు, తెలిసినవాడు, రాసినవాడు ఒక్కడే. ఒక్కసారి, ఒక్క మాట, "ఇది మళ్ళీ మళ్ళీ తాపొద్దమ్మా" అని ఉంటే సరిపోయేది. ఆ మాట చెప్పడానికి పట్టే సమయంలో బయటి బెంచీ మీది ఇంకో మనిషిని చూసి పంపేయొచ్చు, అదీ ఆయన తొందర.

ధర్మవరంలో దిగి మా వీధిలో నడుస్తుంటే నాకు కళ్ళు కొత్తగా వచ్చినట్లయింది. ఒళ్ళు దురదలని ఏళ్ళ తరబడి ఆ పొట్లాలు తెచ్చుకునే ఎదురింటామె మొహం గుండ్రం. ఆమె మనవడి మొహం గుండ్రం. మగ్గం తొక్కి తొక్కి మోకాళ్ళు పోయిన మా మామ కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, మొహం మాత్రం నిండుగా ఉంటుంది. సోమవారం సోమవారం ఆయన తెచ్చుకునే పొట్లంలోని చిన్న తెల్ల మాత్ర ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ మాత్ర వేసుకున్న పూట ఆయన కుర్రవాడిలా గుంతలోకి దిగుతాడు.

ఇంట్లో ఇన్‌హేలర్ బయటికి తీయగానే పెద్ద గొడవైంది.

"పంపా?" మా వీధిలో దాని పేరు అదే. అత్త చేతిలోని కండె కింద పెట్టేసింది. "అది పెట్టినారంటే సచ్చేదాంకా ఇడిసిపెట్టదు. ముసిలోళ్ళకి పెట్టేది ఆడబిడ్డకి పెడతారా? నలుగురు చూస్తే ఏమనుకుంటారు?"

"అత్తా, బిడ్డకి అలవాటైపోయింది ఆ సీసా. ఇది అలవాటయ్యేది కాదు."

"సీసా తీపి మందు. పిల్లోళ్ళ మందు."

నా భర్త డాక్టరమ్మ రాసింది చదివి, అడిగాడు: "పంపులో ఉండేది కూడా అదే మందని నువ్వే చెప్తాండావు. మరి దాంట్లో తప్పయింది దీంట్లో ఒప్పెట్లయింది?"

మంచి ప్రశ్నే. డాక్టరమ్మ చెప్పినంత చక్కగా నేను చెప్పలేకపోయాను. పిసరంత అన్నాను, నేరుగా పోతుంది అన్నాను. కోపంలో మాటలు తడబడ్డాయి. చివరికి, "నమ్మకపోతే నువ్వే వచ్చి ఆమెని అడుగు" అన్నాను. అతను రాలేదు. అడ్డమూ పడలేదు.

సీసా నా బట్టల పెట్టెలో పెట్టి తాళం వేసి, సిరంజితో కొలిచి తగ్గిస్తూ వచ్చాను. ఆ రోజుల్లో నేను సరిగా నిద్రపోలేదు. పాప కొంచెం వాలినా నుదురు పట్టి చూసేదాన్ని. ఆకలి తగ్గింది, చిరాకు పెరిగింది, మాస్కు పెట్టబోతే తలకాయ గోడకేసి కొట్టుకునేది. అత్త ఆ ఏడుపు వినలేక చెవులు మూసుకుని బయటికి పోయేది. ఒక సాయంత్రం నేను నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి పాప అరుగు మీద కూర్చుని పెదవులు నాక్కుంటోంది. దగ్గరికి తీసుకుంటే ఆ సీసా మందు ఆరంజి వాసన.

"ఏం తిన్నావే?"

"అవ్వ తీపి మందు ఇచ్చె."

దేవుడి గూట్లో, పటం వెనక కొత్త సీసా దొరికింది. అంగట్లో ఎప్పటిలాగే అడిగితే ఎప్పటిలాగే ఇచ్చేశాడు. బీగం వేసుకున్నది నేను నా పెట్టెకి మాత్రమే. ఆ అంగడికి బీగం వేసేవాడు ఎవడూ లేడు. సీసా తీసుకుని వీధిలోకి పోయి, అందరూ చూస్తుండగానే మోరీ కాలువలో పోశాను.

"ఆయన చేతి మందు మోరీలో పోస్తావా!" అత్త వాకిట్లోనే కూలబడింది. "నా మనవరాల్ని నేనే సంపుతాండానా? అంత మాటంటావా నన్ను?"

ఆ మాట నేను అనలేదు. అనలేదు గాని ఆమెకి వినిపించింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నా కోపం తగ్గలేదు, చోటు మారింది. ఈమె మనవరాలు దగ్గుతుంటే చూడలేని మనిషి. ఈమె చేతికి ఆ సీసా అందించింది ఇంకొకరు.

మరుసటి పొద్దున ఆ క్లినిక్‌కి పోయాను. కాంపౌండర్, "దగ్గా, జొరమా, నొప్పులా?" అన్నాడు. "మాట్లాడాల" అన్నాను. అతను వెర్రిదాన్ని చూసినట్లు చూసి దారిచ్చాడు.

డాక్టరు నన్ను గుర్తుపట్టాడు. "ఏం పాపా, బిడ్డ బాగుండాదా? బాగా ఒళ్ళొచ్చిందంటనే!"

హిందూపురంలో చెప్పిందంతా చెప్పాను. ఆపకుండా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నేను రాసింది నాలుగు దినాలకి. ఏడాది తాపమన్నానా?"

"నాలుగు రోజులేనని మాకు చెప్పినారా సార్? అంగట్లో చీటీ లేకుండా ఇస్తాండేది మీకు తెలీదా?"

ఆయన బయటి బెంచీల వైపు చెయ్యి చూపించాడు. "చూడు పాపా. వాళ్ళంతా మగ్గం మీద బతికేటోళ్ళు. నాలుగు దినాలు పండుకుంటే పొయ్యి రాజుకోదు. మెల్లగా తగ్గుతాదంటే నా దగ్గరుండరు, ఇంకోని దగ్గరికి పోతారు. వాడు ఇంకా పెద్ద సూది ఏస్తాడు. రెండు దినాల్లో తగ్గల్ల అని వస్తారు, తగ్గిస్తా. పని చేసుకునేటోని బాధ నీకు తెలీదు."

"మా పాప మగ్గం నేయదు సార్."

ఆయన నన్ను చూశాడు. సిగ్గుపడ్డాడని రాయాలని ఉంది, కానీ నేను చూసింది అలసట. తరువాత గంట నొక్కాడు. తరువాతి మనిషి తలుపు తోసుకుని వచ్చి నా పక్కనే నిలబడి, "నొప్పులు సార్" అన్నాడు. డాక్టరు చెయ్యి రాయడం మొదలుపెట్టింది.

బయటికి వస్తుంటే బెంచీ మీది ఒకామె, "ఏమ్మా, అంతసేపా? మేము మనుషులం కాదా?" అని కసిరింది. ఆమె ఒళ్ళో బిడ్డ గుండ్రటి మొహంతో నన్ను చూస్తోంది. "ఆ సీసా తాపొద్దక్కా" అన్నాను. "నువ్వేమన్నా డాక్టరా?" అంది. కాదు కదా.

నెలలు గడిచాయి. సీసా పూర్తిగా ఆగింది. నా భర్త రెండోసారి తనే పాపని హిందూపురం తీసుకుపోయాడు. డాక్టరమ్మని ఏం అడిగాడో, ఏం విన్నాడో నాకు చెప్పలేదు. వచ్చాక మాస్కు పట్టుకునే పని తను తీసుకున్నాడు. బుగ్గలు దిగిపోయాయి. పొట్ట లోపలికి పోయింది. పాత సన్నటి మొహం, మా అమ్మకి తెలిసిన మొహం, తిరిగొచ్చింది. వీధిలో మాటలూ తిరిగొచ్చాయి. "బంగారట్లాంటి బిడ్డని చదువుకున్న తల్లి ఎండబెట్టేసె" అని ఎదురింటామె. ఈసారి నేను నవ్వలేదు.

మొన్న ఒక గృహప్రవేశానికని అత్త ఆ ఎర్ర పట్టు పావడా తీసి పాపకి తొడిగింది. నడుం దగ్గర గుండీ సులభంగా పడింది, కొంచెం వదులైంది కూడా.

"చూడు ఎంత చిక్కిపోయిందో" అంది అత్త, నన్ను కాదు, మామని చూసి.

మామ గుంతలోంచి పైకి చూశాడు. తను నేసిన గుడ్డని ఆయన వేరే చూపు చూస్తాడు. చాలాసేపు చూశాడు. పచ్చ అంచు పాప చీలమండలు దాటి పైకి పోయి ఉంది.

"చిక్కిపోవడమేంది, పొడుగైంది" అన్నాడు. "పావడా పొట్టయింది చూడు. మడత ఇప్పల్ల."

అత్త వంగి అంచు పట్టుకుని చూసింది. నేను కత్తెర తెచ్చి అక్కడే కూర్చుని ఒక మడత విప్పాను. లోపల దాగిన పట్టు ఇంకా కొత్తగా ఉంది, రంగు తేడా గీతలా కనబడుతోంది. ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడవలేదు.

"మామా" అన్నాను, "ఆ పొట్లం ఇంక మానేయకూడదా? ఒక్కసారిగా కాదు. హిందూపురం పోదాం, పెద్దవాళ్ళ డాక్టరు దగ్గర అడుగుదాం."

ఆయన మోకాళ్ళ మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా గుంతలోంచి లేచాడు. నొప్పికి మొహం ముడుచుకుంది.

"బిడ్డకి పెరిగే వయసుండాది తల్లీ. నాకు ఇంగ మగ్గం నేసేది ఒగటే మిగిలుండాది" అన్నాడు.

చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకుని, క్లినిక్ వైపు నడిచాడు. ఆ రోజు సోమవారం.